ఎముక విరిగితే రేపటి సంగతి

(మహాసభల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ హాల్లో ముందు రెండు వరుసల్లో కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ డాక్టర్లేనని నాకు తెలుసు. వాళ్లని ఎదురుగా పెట్టుకుని ఎముకల వైద్యం గురించి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మాట్లాడటమంటే, అన్నవరం పురోహితుల్ని కూర్చోబెట్టి సత్యనారాయణ వ్రతకథ నేను చెప్పడం లాంటిది. అయినా నిర్వాహకులు పిలిచారు. ఎందుకంటే పన్నెండేళ్లుగా నా ఉద్యోగం ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు భద్రపరిచి, డాక్టరు అడిగినప్పుడు తెర మీద చూపించే ప్రోగ్రాములు రాయడం. రోజూ విరిగిన ఎముకల బొమ్మలు చూస్తుంటాను, అతికించడం మాత్రం రాదు. కాబట్టి వైద్యం చెప్పను. యంత్రాలూ లెక్కలూ ఈ వైద్యాన్ని ఎటు తీసుకుపోతున్నాయో, అందులో మనకి, ముఖ్యంగా ఊళ్లో అమ్మానాన్నల్ని వదిలి ఇంత దూరం వచ్చిన మనకి, పనికొచ్చేది ఏమిటో నాకు అర్థమైన మేరకు చెబుతాను.

భవిష్యత్తు అనగానే అందరికీ గుర్తొచ్చేది రోబో. హైదరాబాదులో విమానం దిగి ఇంటికెళుతుంటే దారిలో రోబోతో మోకాలి మార్పిడి అని హోర్డింగులు కనిపిస్తాయి. నిజానికి ఇది నిన్నా మొన్నటి సంగతి కాదండి. ఐబీఎం పరిశోధనశాల వాళ్లూ, కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లూ కలిసి రోబోడాక్ అనే యంత్రం తయారు చేశారు. ముందు కుక్కల మీద వాడి చూసి, 1992లో శాక్రమెంటోలో మొదటిసారి మనిషి తుంటి మార్పిడిలో వాడారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే మేకో రోబో కంపెనీని స్ట్రైకర్ 2013లో 165 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. అంత డబ్బు పెట్టినవాళ్లు హోర్డింగులు పెట్టకుండా ఉంటారా?

ఇంతకీ ఆ రోబో ఏం చేస్తుంది? ముందుగా సీటీ స్కాన్ తీసి మీ మోకాలికి కంప్యూటర్లో త్రీడీ నమూనా కడతారు. ఎక్కడ ఎంత కోయాలో సర్జన్ దాని మీద గీసుకుంటాడు. ఆపరేషన్ బల్ల మీద ఎముకకి గుర్తులు బిగించి, కెమెరాతో వాటిని కనిపెడుతూ, రంపం ఆ గీత దాటబోతే రోబో చెయ్యి ఆపేస్తుంది. అంటే ఆపరేషన్ చేసేది సర్జనే, రోబోది లక్ష్మణరేఖ గీసే పని. కోత కచ్చితంగా వస్తుందనడంలో నాకు అనుమానం లేదు. కానీ కోత కచ్చితంగా ఉండటం వేరు, మోకాలు ఎక్కువకాలం మన్నడం వేరు. 2019లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద లెక్క వచ్చింది. మొత్తం మార్చిన మోకాళ్లలో నూటికి 82 పాతికేళ్ల తరవాత కూడా పనిచేస్తున్నాయి, తుంటి కీళ్లయితే నూటికి 58. అవి చేత్తో చేసిన ఆపరేషన్లు. వాటికంటే రోబో చేసినవి ఎక్కువ కాలం నిలుస్తాయని తేలాలంటే మనం ఇంకా కొన్నేళ్లు ఓపిక పట్టాలి. అందుకని మీ నాన్నగారి మోకాలికి రోబో పేరుతో లక్షలు అదనంగా అడిగితే, నేనైతే ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: "డాక్టరుగారూ, పోయినేడాది మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?" ఎక్కువ చేసిన చెయ్యి బాగా చేస్తుందన్నది రోబో కంటే పాత సత్యం, దానికి రుజువులూ ఎక్కువ.

ఇప్పుడు నాలాంటివాడికి అసలు రుచించే సంగతికి వస్తాను. ఆ 82, ఆ 58 ఎక్కడినుంచి వచ్చాయి? రిజిస్ట్రీలనుంచి. అంటే చిట్టా పుస్తకాలు. స్వీడన్ వాళ్లు 1975లో మోకాళ్లకి, 1979లో తుంట్లకి దేశం మొత్తానికీ ఒక చిట్టా మొదలుపెట్టారు. ఎవరికి, ఏ తేదీన, ఏ కంపెనీ కీలు, ఏ సైజుది పెట్టారో రాస్తారు. మళ్లీ తీసి మార్చవలసి వస్తే అదీ రాస్తారు. అంతే! ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లవాడు కూడా కట్టగల డేటాబేస్ అది. ఆస్ట్రేలియా 1999లో, ఇంగ్లండ్, వేల్స్ 2003లో మొదలుపెట్టాయి.

దాని విలువ ఎప్పుడు తెలిసిందంటే, జాన్సన్ అండ్ జాన్సన్ వారి డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి కీలు అమ్మింది. లోహపు గిన్నెలో లోహపు గుండు తిరుగుతుంది. ఆ రాపిడికి కోబాల్టు, క్రోమియం రజను ఊడి చుట్టూ ఉన్న కండలోకి, రక్తంలోకి చేరింది. ఒక్కొక్క సర్జనూ విడిగా చూస్తే తన దగ్గరికి వచ్చిన ఇద్దరో ముగ్గురో రోగులే. "ఏదో ఖర్మ" అనుకుంటాడు. ఆస్ట్రేలియా చిట్టాలో మాత్రం అన్నీ ఒకచోట కనిపించాయి: మిగతా కీళ్లకంటే ఇది చాలా ఎక్కువసార్లు మార్చవలసి వస్తోంది. 2009లో అక్కడ అమ్మకం ఆగింది. 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటికే సుమారు 93 వేలమందికి పెట్టారు.

మన దేశంలో దాదాపు 4,700 మందికి ఆ కీలు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఎక్కడున్నారో తరవాత ఎవరికీ దొరకలేదు. "మీ తుంటిలో ఉన్నది మంచిది కాదు, వచ్చి పరీక్ష చేయించుకోండి" అని చెప్పడానికి చిరునామాలు లేవు. మన సర్జన్లు తక్కువవాళ్లు కాదు, అక్కడి మన కార్పొరేట్ ఆసుపత్రులు ఇక్కడివాటికి తీసిపోవు. లేనిది చిట్టా. కీళ్ల సర్జన్ల సంఘం 2006లో ఒకటి మొదలుపెట్టింది కానీ అందులో రాయడం ఎవరి ఇష్టం వాళ్లది. 2017లో ప్రభుత్వం మోకాలి కీళ్ల ధరలకి గరిష్ఠ పరిమితి పెట్టింది, ఎక్కువగా వాడే రకం సుమారు 55 వేల రూపాయలకి దిగింది. మంచి పనే. ధర కట్టడి చేసినంత పట్టుదలగా చిట్టా కూడా తప్పనిసరి చేస్తే, ఎముకల వైద్యంలో మన దేశం వేసే పెద్ద అడుగు అదే అవుతుందని నా అభిప్రాయం.

అంతదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి కీలు పెట్టె మీదా కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక ఒక స్టిక్కరు కేసు షీటులో అంటిస్తారు. దాని నకలు అడిగి తీసుకోండి, ఫోనులో ఫోటో తీసుకోండి. మనవాళ్లు ఆధార్ కార్డు జిరాక్సులు పదేసి దాచుకుంటారు, దీన్ని మాత్రం ఎవరూ దాచుకోరు.

కీళ్లు అరగడం పెద్దవయసు కష్టం. ఎముకలు విరగడం మన దేశంలో కుర్రవయసు కష్టం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీదివాళ్లు. గాయపడి బతికినవాళ్లలో ఎందరో తొడ ఎముకో, కాలి ఎముకో విరిగినవాళ్లు. ఎవరో ఎందుకు, ఈ హాల్లో మోటారు సైకిల్ ప్రమాదంలో ఒక చుట్టాన్నో, క్లాస్‌మేట్‌నో పోగొట్టుకోనివాళ్లు ఎంతమంది ఉన్నారు?

బాల్టిమోర్‌లో ఆడమ్స్ కౌలీ అనే సర్జన్ దెబ్బ తగిలిన తరవాతి మొదటి గంటకి "గోల్డెన్ అవర్" అని పేరు పెట్టాడు. అరవై నిమిషాలన్నది మంత్రమేమీ కాదు కానీ, ఆలస్యం ప్రాణం తీస్తుందన్నది నిజం. ఈ దేశంలో 911కి మొదటి కాల్ 1968లో అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. మనకి 108 హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు మా ఊళ్లో అంబులెన్సంటే ఆటో, అదీ లేకపోతే ట్రాక్టరు. 108 మన గడ్డ మీద పుట్టి తరవాత ఎన్నో రాష్ట్రాలకి పాకింది. దాని లోపల ఉన్నది మా విద్యే: ఫోను ఎత్తడం, చోటు కనిపెట్టడం, దగ్గర్లో ఖాళీగా ఉన్న బండిని పంపడం. ఇక్కడ మనం మన సినిమాల గురించి గొప్పలు చెప్పుకున్నంతగా దీని గురించి చెప్పుకోం, ఎందుకో!

బండి వస్తుంది సరే, రోడ్డు మీద పడినవాణ్ణి ముట్టుకోవడానికి జనానికి భయం. పోలీసు కేసు, సాక్ష్యం, కోర్టు చుట్టూ తిరగడం. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టం సవరణ, సాయం చేసినవాడికి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. 2025లో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం ప్రమాదంలో గాయపడ్డవాళ్లకి మొదటి ఏడు రోజులకి లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టనక్కరలేని వైద్యం ఉంది. ఈ సంగతి మీ ఊళ్లో ఎంతమందికి తెలుసో ఈసారి ఫోను చేసినప్పుడు అడిగి చూడండి.

ట్రామా వైద్యంలో ఈ కాలంలో వచ్చిన పెద్ద మార్పుల్లో నాకు బాగా నచ్చినది ఒక చవక మందు. ట్రానెగ్జామిక్ యాసిడ్. జపానులో ఉటాకో ఒకామోటో అనే డాక్టరు, ఆమె భర్త 1960ల్లో కనిపెట్టారు. దశాబ్దాలపాటు ఆడవాళ్ల అధిక రక్తస్రావానికీ, పళ్లు పీకినప్పుడూ వాడుతూ వచ్చారు. 2010లో 40 దేశాల్లో 20 వేలమందికి పైగా క్షతగాత్రుల మీద జరిగిన పరీక్షలో ఇది రక్తం పోయి చనిపోవడాన్ని తగ్గిస్తుందని తేలింది. కానీ మూడు గంటల లోపల ఇవ్వాలి, దాటితే మేలు లేకపోగా కీడు కూడా జరగవచ్చు. కోట్ల రూపాయల రోబోని, ఈ చిన్న ఇంజెక్షన్ సీసాని పక్కపక్కన పెట్టి భవిష్యత్తు ఎటుందని అడిగితే నా వేలు సీసా వైపే.

ఇక తొడ ఎముక. పాత రోజుల్లో అది విరిగితే మంచానికి కాలు కట్టి, బరువు వేలాడదీసి రెండు మూడు నెలలు పడుకోబెట్టేవారు. కూలిపని చేసుకునేవాడు మూడు నెలలు పడుకుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఎముక గుజ్జు దారిలోకి లోహపు కడ్డీ దింపి, అటూ ఇటూ మరలు బిగిస్తే మనిషి కొద్దిరోజుల్లో లేచి నిలబడతాడు. అయితే లోపలున్న కడ్డీ బెజ్జానికి సరిగ్గా మర తగలాలంటే ఆపరేషన్ జరుగుతుండగా ఎక్స్‌రే చూపించే ఖరీదైన యంత్రం కావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని రిచ్‌లాండ్‌లో లూయిస్ జర్కిల్ అనే సర్జన్ 1999లో సైన్ అనే సంస్థ పెట్టి, ఆ యంత్రం లేకుండానే మర బిగించే కడ్డీ తయారు చేయించాడు. కడ్డీ చివర బయటికి ఒక చట్రం తగిలిస్తారు, దాని రంధ్రాలు లోపలి బెజ్జాలకి సరిగ్గా ఎదురుగా ఉంటాయి. వడ్రంగి జిగ్ అంటాడే, అదే. పేద దేశాల ఆసుపత్రులకి ఈ కడ్డీలు ఉచితంగా ఇస్తారు. షరతు ఒక్కటే: ప్రతి ఆపరేషన్ ఎక్స్‌రే వాళ్ల డేటాబేసులో పెట్టాలి, పెడితేనే కొత్త కడ్డీలొస్తాయి. కాలు నయమైందనడానికి వాళ్లు అడిగే రుజువు ఏమిటో తెలుసా? రోగి గొంతుక్కూర్చుని నవ్వుతున్న ఫోటో! మోకాలు ముడుచుకుందా, బరువు ఆనిందా, నొప్పి లేదా, మూడూ ఒక్క ఫోటోలో తేలిపోతాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంతకంటే మంచి డేటా ఎంట్రీ నేను చూడలేదు.

ఇలాంటిది మన హైదరాబాదులోనూ జరిగింది. ఇప్పటి నిమ్స్ 1960ల్లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన సంగతి చాలామందికి గుర్తుండదు. అబ్దుల్ కలాం గారు క్షిపణుల పనిలో ఉన్నప్పుడు, నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు వాళ్ల ల్యాబుకి వచ్చి, అగ్ని క్షిపణికి వాడే పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇంత తేలికా!" అని ఆశ్చర్యపోయి, ఆయన్ని వార్డుకి తీసుకెళ్లి మూడు కిలోల ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటున్న పిల్లల్ని చూపించారట. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలాం గారు తన జీవితంలోని ఆనంద క్షణాల్లో దీన్ని ఒకటిగా చెప్పుకున్నారు.

పుత్తూరు కట్టు ప్రస్తావన లేకుండా రాయలసీమవాళ్లు నన్ను వేదిక దిగనివ్వరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. చర్మం చీరకుండా, పెద్దగా జరగకుండా విరిగిన చిన్న ఎముకని కదలకుండా పట్టి ఉంచితే శరీరమే అతికించుకుంటుంది, పిల్లల్లో మరీను. కాబట్టి కట్టుతో బాగుపడ్డవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే ఎముక బయటికి వచ్చినా, కీలు దగ్గర విరిగినా, తుంటి విరిగినా కట్టుతో పని కాదు. కట్టు కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, ఎవరు కట్టిన కట్టయినా సరే, వెంటనే కోసేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. గంటలు ఆలస్యమైతే కాలో చెయ్యో పోతుంది.

ఇక తుంటి. మా పిన్ని తెనాలిలో బాత్రూములో జారి పడింది. డెబ్బై ఎనిమిదేళ్లు. తుంటి విరిగింది. ఆవిడ కొడుకు, అంటే మా తమ్ముడు, న్యూజెర్సీలో. "అబ్బాయి వచ్చేదాకా ఆగుదాం, పెద్ద ఆపరేషన్ కదా" అన్నారు ఇంట్లోవాళ్లు. ఆసుపత్రివాళ్లూ "అలాగే, సంతకం ఆయనే పెడతారు" అన్నారు. వాడు టికెట్ దొరకబుచ్చుకుని, రెండు విమానాలు మారి, గన్నవరంలో దిగేసరికి నాలుగో రోజు. అయిదో రోజు ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. కానీ అప్పటికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, మాట తడబడింది, కొడుకుని చూసి "మీ నాన్న వచ్చాడా" అని అడిగింది. బాబాయి పోయి తొమ్మిదేళ్లు. ఆ తరవాత పిన్ని మళ్లీ తనంతట తాను నడవలేదు, ఏడాది తిరగకుండానే పోయింది. ఇందులో ఎవరూ చెడు తలపెట్టలేదు. అందరూ ప్రేమతోనే ఆగారు.

తుంటి విరిగిన పెద్దవాళ్లకి ప్రమాదం ఎముకది కాదు, మంచానిది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాల ప్రకారం చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్ జరగాలి. 2007 నుంచి వాళ్లకి దీనికీ ఒక చిట్టా ఉంది, ఏ ఆసుపత్రి ఎన్ని గంటలు తీసుకుందో అందులో కనిపిస్తుంది. మరి ఇంకా తొందరపెడితే? 2020లో వచ్చిన హిప్ అటాక్ అనే పరీక్షలో 17 దేశాల్లో, మన దేశంతో సహా, సుమారు మూడువేల మందిని చూశారు. ఆరు గంటల్లోపు చెయ్యాలని పరుగులెత్తినందువల్ల మరణాలు తగ్గలేదు. కానీ మతి తప్పడం తగ్గింది, మనిషి త్వరగా లేచి నిలబడ్డాడు. అంటే గంటల కోసం గాభరా పడనక్కరలేదు, రోజులు మాత్రం పోగొట్టుకోకూడదు. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, గుండె బాగా లేకపోయినా కొంత ఆగవలసి రావచ్చు, అది డాక్టరు చెప్పాలి. అబ్బాయి విమానం కోసం ఆగడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

తుంటి విషయంలో రేపటి వైద్యం కూడా ఇలాగే నిరాడంబరంగా ఉంటుంది. ఎముకల సర్జనూ, వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరూ మొదటి రోజునుంచే కలిసి చూడటం, నొప్పి తెలియకుండా నరానికి ఇంజెక్షన్, మర్నాడే లేపి నిలబెట్టడం, ఇంటికి పంపేముందు ఎముక బలానికి మందు మొదలుపెట్టడం. ఒకసారి ఎముక విరిగిన మనిషికి ఇంకోటి విరిగే అవకాశం ఎక్కువ. అయినా మన ఊళ్లలో మణికట్టు విరిగి కట్టు విప్పించుకున్న ఆవిడకి ఎముక సాంద్రత పరీక్ష రాసేవాళ్లు అరుదు.

కృత్రిమ మేధ గురించి చెప్పకపోతే నా ఉద్యోగానికే అవమానం కాబట్టి రెండు ముక్కలు. మణికట్టు ఎక్స్‌రేలో విరుగుడు కనిపెట్టే ప్రోగ్రాముకి ఇక్కడి ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతి ఇచ్చింది. ఇలాంటివి తరవాత చాలా వచ్చాయి. అర్ధరాత్రి ఒంటరిగా డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకి ఇవి నిజంగా తోడు. కానీ ప్రోగ్రాము చూసేది బొమ్మని, మనిషిని కాదు. పడిపోయిన పెద్దావిడ కాలు మోపలేకపోతుంటే, ఎక్స్‌రే బాగుందని మనిషి చెప్పినా, మిషను చెప్పినా నమ్మకండి. సన్నటి పగులు సీటీలోనో ఎంఆర్ఐలోనో బయటపడుతుంది.

ఈ డిసెంబరులో చాలామంది ఊరెళతారు. బంగారం కొనే రోజు కాక ఇంకో రోజు తీరిక చేసుకుని, బాత్రూములో గోడకి గట్టి కడ్డీ వేయించండి. రాత్రి లేచే దారిలో చిన్న దీపం పెట్టించండి. కళ్లలో శుక్లాలుంటే తీయించండి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మానాన్నల ఎదురుగా కూర్చుని, "నేను లేనప్పుడు ఏమైనా అయితే సంతకం పెట్టేది ఫలానావాళ్లు, నా కోసం ఆగొద్దు" అని చెప్పండి. పక్కింటి అన్నయ్యో, మేనత్త కూతురో, ఎవరైనా సరే, వాళ్ల ముందే చెప్పండి. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తుంది, ముందే తెలిసి ఉండటం మంచిది.

బయట పుస్తకాల బల్ల మీద ఒక పేజీ కాగితం పెట్టాను. పెద్ద అక్షరాల్లో తెలుగులోనే ఉంది. వాడే మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, దగ్గర్లో ఎముకల సర్జన్ ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆసుపత్రి, సంతకం పెట్టే మనిషి ఫోను నంబరు, వీటన్నిటికీ అందులో ఖాళీలున్నాయి. ఫ్రిజ్ తలుపు మీద అంటించేందుకు సరిపోతుంది. ఖాళీలు ఇక్కడినుంచి నింపలేరు, వెళ్లి పక్కన కూర్చుని అడిగి నింపాలి.